ఇప్పటి ఎంఎంఏలో జియు-జిట్సు ఇంకా పనికొస్తుందా? కుస్తీ నుంచి వచ్చాను, సలహా కావాలి

మట్టి పైల్వాన్ (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. నాకు 22 ఏళ్లు. మా ఇంటి దగ్గరి తాలీంలో పదమూడో ఏట నుంచి కుస్తీ చేస్తున్నాను. పొద్దున్నే గోదా మట్టి తవ్వడం, దండీలు, బస్కీలు, ఆ తర్వాత జోడీ పట్టడం. ఎనిమిది నెలల క్రితం ఎంఎంఏ (గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ కలిసిన పోటీ) నేర్పే జిమ్‌లో చేరాను. వచ్చే ఏడాది ఒక్క అమెచ్యూర్ ఫైట్ అయినా చేయాలని ఉంది.

జిమ్‌లో వారానికి మూడు రోజులు బ్రెజిలియన్ జియు-జిట్సు, అంటే నేల మీద పెనుగులాడుతూ గొంతు, కీళ్లు పట్టి లొంగదీసే విద్య, నేర్పిస్తున్నారు. నాకు అక్కడే ఇబ్బందిగా ఉంది. మా ఉస్తాద్ తొమ్మిదేళ్లుగా చెప్పింది ఒక్కటే: ఏం జరిగినా వీపు నేలకి ఆనకూడదు. రెండు భుజాలూ ఆనాయంటే చిత్, కుస్తీ అయిపోయినట్టే. ఇక్కడేమో మొదటి రోజే వెల్లకిలా పడుకోబెట్టి, ఎదుటివాడి నడుం చుట్టూ కాళ్లు వేయమన్నారు. ఆ రోజు ఇంటికి వెళ్లాక కూడా ఏదో తప్పు చేసినట్టే అనిపించింది.

పైగా నేను చూసే యూఎఫ్‌సీ (అమెరికాలోని పెద్ద ఎంఎంఏ సంస్థ) ఫైట్లలో కింద పడుకున్నవాడు దెబ్బలు తింటున్నాడు. గెలిచేది రెజ్లింగ్ బాగా వచ్చినవాళ్లు, లేదంటే గట్టిగా గుద్దేవాళ్లు. ఆ మూడు రోజులు కూడా బాక్సింగ్‌కి, రెజ్లింగ్‌కి పెట్టుకుంటే మంచిదా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.


పంచ్ బ్యాగ్ (కాకినాడ)

బ్రో, నా మాట విని బాక్సింగ్‌కే పెట్టుకో. 2021లో ర్యాన్ హాల్, ఇలియా టోపూరియా ఫైట్ చూడు. హాల్ కాళ్లు పట్టుకుందామని కింద దొర్లుతూనే ఉన్నాడు, టోపూరియా మొదటి రౌండ్‌లోనే గుద్ది పడేశాడు. 2022లో గ్యారీ టోనన్, పేరు మోసిన గ్రాప్లర్ (పట్లు పట్టేవాడు), వన్ ఛాంపియన్‌షిప్ అనే ఆసియా ఎంఎంఏ సంస్థ పోటీలో థాన్ లే కాలు పట్టుకోబోయి 56 సెకన్లలో నాకౌట్ అయ్యాడు. బ్రెజిలియన్ జియు-జిట్సుకి పేరు తెచ్చిన గ్రేసీ కుటుంబంలోంచే వచ్చిన క్రాన్ గ్రేసీ 2024 డిసెంబరులో బ్రైస్ మిచెల్ చేతిలో ఎలా ఓడాడో కూడా చూడు.

1993లో మొదటి యూఎఫ్‌సీలో రాయిస్ గ్రేసీ గెలిచాడంటే అప్పుడు ఆ విద్య ఇంకెవరికీ తెలియదు. ఇప్పుడు అందరికీ తెలుసు. అందరికీ తెలిసిన రహస్యంతో ఎవరు గెలుస్తారు?


ఊదా బెల్టు (ఇర్వింగ్, టెక్సస్)

తమ్ముడూ, కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు. నీ ఇబ్బంది నాకు తెలుసు కాబట్టే రాస్తున్నాను.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. కాలేజీలో కబడ్డీ ఆడేవాణ్ణి. ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చాక జియు-జిట్సు మొదలుపెట్టాను, పదకొండేళ్లయింది. 2018లో, 34వ ఏట, ఒకే ఒక అమెచ్యూర్ ఎంఎంఏ ఫైట్ చేశాను. ఓడిపోయాను. ఆ తొమ్మిది నిమిషాల్లో నేర్చుకున్నది ఈ పదకొండేళ్లలో నేర్చుకున్నదానికి తక్కువేం కాదు.

ముందు కాకినాడ తమ్ముడి మాట. ఆయన చెప్పిన మూడు ఫైట్లూ నిజమే. కానీ టోపూరియా ఎవరు? అతను కూడా జియు-జిట్సు బ్లాక్ బెల్టే. కెరీర్ మొదట్లో గెలిచినవి చాలావరకు సబ్మిషన్లే, అంటే పట్టు వేసి లొంగదీసినవే. హాల్ కాళ్ల మీదికి దొర్లుతుంటే అతనికి కంగారు లేకపోవడానికి కారణం, ఆ పట్టు ఎక్కడ మొదలై ఎక్కడ బిగుస్తుందో తెలియడం. తెలియనివాడి గతి ఏమవుతుందో చూడాలంటే 2018 డిసెంబరులో అదే ర్యాన్ హాల్ బీజే పెన్ మడమ తిప్పిన ఫైట్ చూడండి. పెన్ కూడా చిన్నవాడేం కాదు, జియు-జిట్సులో ప్రపంచ ఛాంపియన్. అయినా మొదటి రౌండ్‌లోనే ట్యాప్ చేశాడు, అంటే చేత్తో తట్టి ఓటమి ఒప్పుకున్నాడు. కొత్త తరం కాలి పట్టు అతని కాలంలో అంతగా లేదు.

ఇక నువ్వు చూసింది, కింద పడుకున్నవాడు దెబ్బలు తినడం, అదీ నిజమే. దానికి కారణాలున్నాయి. 1993 నవంబరులో డెన్వర్‌లో మొదటి యూఎఫ్‌సీ జరిగినప్పుడు జడ్జీలు లేరు. పాయింట్లు లేవు. రాయిస్ ఒంటి మీద గి (జూడో వాళ్లు వేసుకునే లాంటి దళసరి డ్రెస్సు) ఉంది, పట్టుకి గుడ్డ దొరికేది. 1994 డిసెంబరులో నాలుగో యూఎఫ్‌సీ ఫైనల్‌లో డాన్ సెవర్న్ అనే భారీ రెజ్లర్ కింద రాయిస్ దాదాపు పదిహేను నిమిషాలు వెల్లకిలా ఉండి, చివరికి కాళ్లతో అతని మెడ చుట్టూ ట్రయాంగిల్ బిగించి గెలిచాడు. ఇప్పుడు ఆ పదిహేను నిమిషాలు ఎవరిస్తారు? ఐదు నిమిషాలకి గంట మోగుతుంది, ఇద్దరూ మళ్లీ లేచి నిలబడతారు. మధ్యలో కదలిక తగ్గితే రెఫరీయే లేపుతాడు. గి లేదు, ఒళ్లంతా చెమట, పట్టు జారిపోతుంది. పైన ఉన్నవాడు మోచేతులు వేస్తాడు, జడ్జీలు రౌండు అతనికే రాస్తారు. అన్నిటికన్నా పెద్ద మార్పు కేజ్ గోడ. కింద పడ్డవాడు జరుక్కుంటూ గోడ దగ్గరికి వెళ్లి, వీపు ఆనించి లేచి నిలబడటం ఇప్పుడు ప్రతి జిమ్‌లోనూ నేర్పే పాఠం.

అందుకని వెల్లకిలా పడుకుని ఎదురుచూసే జియు-జిట్సు బాగా తగ్గిపోయింది. పూర్తిగా పోలేదు. 2018 మార్చిలో లండన్‌లో పాల్ క్రెయిగ్ మూడు రౌండ్లు మగోమెద్ అంకలాయెవ్ చేతిలో చిత్తుగా తన్నులు తిని, చివరి రౌండు 4 నిమిషాల 59వ సెకనులో కింద నుంచి ట్రయాంగిల్‌తో ట్యాప్ చేయించాడు. ఇంకొక్క సెకను ఓర్చుకుంటే అంకలాయెవ్ గెలిచేవాడు. తర్వాత ఛాంపియన్ అయిన మనిషికి అది మొదటి ఓటమి. కానీ నీకు అలా ఆడమని నేను చెప్పను. క్రెయిగ్ తిన్న దెబ్బలు కూడా లెక్కలోకి తీసుకోవాలి కదా.

నా ఫైట్‌లో నేను చేసిన తప్పూ అదే. ఎదుటివాడు హైస్కూల్లో రెజ్లింగ్ చేసిన కుర్రాడు. వాణ్ణి కింద పడేద్దామని చేసిన నా టేక్‌డౌన్ ఫెయిలయింది, టెన్షన్‌లో వాణ్ణి గార్డ్‌లోకి, అంటే నా కాళ్ల మధ్యకి, లాక్కుని పడుకున్నాను. ప్రాక్టీసులో అక్కణ్ణుంచి నాకు ఎన్నో దార్లు దొరికేవి. ఆ రోజు వాడు తల నా ఛాతీ మీద ఆనించి, బరువంతా వదిలి, ఎడమ పక్కటెముకల మీద చిన్న చిన్న గుద్దులు వేస్తూ కూర్చున్నాడు. పెద్ద దెబ్బ ఒక్కటీ లేదు. కానీ ఊపిరి తీసుకోబోయే సమయానికి ఒకటి పడేది. రెండు రౌండ్లు అలాగే పోయాయి. పడుకుని ఉన్నప్పుడు మా కోచ్ ముఖం కనిపించలేదు, గొంతు మాత్రం వినిపిస్తోంది, “లే, లే” అని.

మూడో రౌండ్‌లో జరిగింది చెప్తాను, నీకు కావాల్సింది అదే. వాడు కాళ్ల మీదికి వచ్చాడు, నేను నడుం బరువు వాడి భుజాల మీద పడేసి కిందికి తొక్కాను. వెంటనే వాడు ఏం చేశాడో తెలుసా? బోర్లా తిరిగాడు. రెజ్లర్ ఎవరైనా అదే చేస్తాడు, నువ్వూ అదే చేస్తావు. చిన్నప్పటి నుంచి ఒంటికి పట్టిన అలవాటు, వీపు నేలకి ఆనకుండా పొట్ట ఆనించడం. గోదాలో అది ప్రాణం కాపాడే పని. కేజ్‌లో అలా తిరిగిన మరుక్షణం నేను వాడి వీపు మీద ఉన్నాను, రెండు కాళ్లూ తొడల లోపలికి తగిలించి.

కుస్తీలో వీపు మట్టికి తగలకూడదు. ఇక్కడ వీపు ఎదుటివాడికి దొరకకూడదు. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు. నువ్వు జియు-జిట్సు నేర్చుకోవాల్సిన కారణం నాకు తెలిసినంతలో ఇదే, మిగతావన్నీ దీని తర్వాతే.

వీపు దొరికితే వచ్చేది రియర్ నేకెడ్ చోక్. చేతి మడత గొంతు ముందుకి వస్తుంది, కండ ఒక పక్క, ముంజేయి ఒక పక్క, మెడకి రెండు వైపులా ఉన్న రక్తనాళాలు నొక్కుకుపోతాయి. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, అయినా కొన్ని సెకన్లలో కళ్లు మూసుకుపోతాయి. కండబలం దీని ముందు పనిచేయదు. ఇప్పటి ఎంఎంఏలో సబ్మిషన్ గెలుపుల్లో మాటిమాటికీ కనిపించే పట్టు ఇదే. 2023 మార్చిలో వాలెంటీనా షెవ్చెంకో అంత జాగ్రత్త గల మనిషి, నాలుగో రౌండ్‌లో ఒక్కసారి గుండ్రంగా తిరిగి తన్నబోయి గురి తప్పింది. అంతే, అలెక్సా గ్రాసో వీపు మీదికి ఎక్కేసింది, టైటిల్ చేతులు మారింది. 

నా చోక్ మాత్రం బిగియలేదు. వాడు గడ్డం ఛాతీకి నొక్కేశాడు. నా గ్లోవ్ అంచు వాడి దవడ దగ్గర ఇరుక్కుంది. ప్రాక్టీసులో ఒట్టి చేత్తో కత్తిలా దూరేది, ఆ దళసరి గ్లోవ్‌తో దూరడం లేదు. వాడు రెండు చేతులతో నా మణికట్టు పట్టుకుని వేలాడాడు. నలభై సెకన్లేమో పెనుగులాడాం. గంట మోగింది. ఆ పెనుగులాట ఇప్పటికీ రాత్రుళ్లు గుర్తొస్తుంది. వాడు జియు-జిట్సు మనిషి కాదు, కానీ ఆ ఒక్క డిఫెన్స్ ఎవరో నేర్పారు. దాంతోనే ఫైట్ గెలిచాడు.

“అందరికీ తెలిసిన రహస్యం” అన్నారే, దానికి నా జవాబు ఇది. అందరికీ తెలిసింది కాబట్టే తెలియనివాడికి చోటు లేదు.

ఇంకో సంగతి. కనిపించకుండా పనిచేసే జియు-జిట్సు కూడా ఉంది. 2022 మేలో చార్లెస్ ఒలివెయిరా, జస్టిన్ గేచీ ఫైట్. గేచీ గుద్దుకి ఒలివెయిరా కింద పడ్డాడు. మామూలుగా అయితే మీద పడి ముగించేయాలి. గేచీ కిందికి దిగలేదు, లేవమని వదిలేశాడు. ఎందుకంటే కింద ఉన్నది యూఎఫ్‌సీలో అందరికన్నా ఎక్కువ సబ్మిషన్లు చేసిన మనిషి. ఒలివెయిరా లేచాడు, కాసేపటికి గేచీని గుద్ది పడేశాడు, గొంతు పట్టి మొదటి రౌండ్‌లోనే ముగించాడు. కింద పడతానన్న భయం లేదు కాబట్టే ఒలివెయిరా నిలబడి అంత ధైర్యంగా గుద్దగలడు. పాయింట్ల కాగితం మీద ఇది రాయరు. నన్నడిగితే ఆ ఫైట్ గెలిపించింది కిందికి దిగడానికి గేచీ పడ్డ భయమే.

మరి ఒట్టి జియు-జిట్సు సరిపోతుందా అంటే, సరిపోదు. డెమియన్ మాయానే చూడు. 2016లో కార్లోస్ కాండిట్‌ని రెండు నిమిషాల లోపే గొంతు పట్టి ఓడించాడు. మరుసటి ఏడాది టైటిల్ ఫైట్‌లో టైరన్ వుడ్లీ కాళ్ల మీదికి ఇరవైసార్లకు పైగా వెళ్లాడు, ఒక్కసారీ పడేయలేకపోయాడు. అంతటి విద్యా సంచిలోనే ఉండిపోయింది. రొడాల్ఫో వియెయిరా అయితే జియు-జిట్సులో ఎన్నోసార్లు ప్రపంచ ఛాంపియన్. 2021 ఫిబ్రవరిలో ఆయాసం వచ్చి అలిసిపోయాక ఆంథొనీ హెర్నాండెజ్ అతన్నే గిలెటిన్ అనే మెడ పట్టుతో ట్యాప్ చేయించాడు.

వుడ్లీ ముందు మాయాకి కావాల్సింది మంచి టేక్‌డౌన్. అది నీ దగ్గర తొమ్మిదేళ్లుగా ఉంది తమ్ముడూ. వాళ్లు ముప్పై ఏళ్లొచ్చాక కష్టపడి నేర్చుకునేది నువ్వు పదమూడో ఏట మట్టిలో నేర్చుకున్నావు. దానికి ఈ మూడు రోజులు కలుపు. మానుకోకు.


జూడో అక్క (విశాఖపట్నం)

టెక్సస్ అన్నయ్య మాటకి మన దేశం నుంచే ఒక ఉదాహరణ ఇస్తాను. నేను పదిహేనేళ్లు జూడో ఆడాను, ఇప్పుడు పిల్లలకి నేర్పిస్తున్నాను.

రీతూ ఫొగాట్. మహావీర్ ఫొగాట్ గారి అమ్మాయి, 2016 కామన్వెల్త్ రెజ్లింగ్ ఛాంపియన్‌షిప్‌లో బంగారు పతకం. ఎంఎంఏలోకి వచ్చి వన్ ఛాంపియన్‌షిప్‌లో గ్రాండ్ ప్రీ ఫైనల్ దాకా వెళ్లింది. 2021 డిసెంబరు, సింగపూర్. ఎదురుగా స్టాంప్ ఫెయిర్‌టెక్స్, థాయ్‌లాండ్ అమ్మాయి, ముయ్ థాయ్‌లో, కిక్‌బాక్సింగ్‌లో మాజీ ఛాంపియన్. అందరం ఏమనుకున్నాం? రీతూ పడేస్తుంది, పైన కూర్చుంటుంది, గెలుస్తుంది అని. పడేసింది కూడా. కానీ కింద ఉన్న స్టాంప్ ఖాళీగా లేదు, కాళ్లు పైకి తెస్తూనే ఉంది. రెండో రౌండ్‌లో రీతూ చెయ్యి కాళ్ల మధ్య ఇరికించి ఆర్మ్‌బార్ వేసింది. రీతూ ట్యాప్ చేసింది.

ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. కుస్తీ తక్కువైందని ఓడలేదు, స్టాంప్ జియు-జిట్సులో పుట్టి పెరిగిందీ కాదు. తన్నులాటలో పెరిగిన అమ్మాయి ఆ ఒక్క విద్య ఒంటికి పట్టించుకుని వచ్చింది. పడేశాక చేతులు ఎక్కడ పెట్టాలో తెలియకపోతే పైన ఉన్నవాళ్లకి కూడా ప్రమాదమే. ఎదుటివాడి గార్డ్‌లో ఉన్నప్పుడు మోచేతులు నీ పక్కటెముకలకి దగ్గరగా ఉంచుకో. నేలకి ఆనించి బలం తీసుకుందామని చెయ్యి చాచావా, అది ఎదుటివాడిదే.

మా జూడోలో ఇదే పట్టుని జూజీ గతామే అంటాం. బ్రెజిల్‌కి ఇవన్నీ తీసుకెళ్లింది కూడా మిత్సుయో మాయెదా అనే జూడో మనిషే. ఎవరి విద్య గొప్పదన్న వాదన నాకు అందుకే పెద్దగా ఎక్కదు.


మట్టి పైల్వాన్ (హైదరాబాద్)

అన్నా, అక్కా, చాలా థాంక్స్. అన్న చెప్పిన బోర్లా తిరగడం గురించి చదివాక నిన్న క్లాసులో గమనించుకున్నాను. నేను రోలింగ్‌లో (ప్రాక్టీసు పెనుగులాటలో) ఓడిపోయిన ప్రతిసారీ అలాగే ఓడిపోతున్నాను! కోచ్‌కి చెప్పాను. ఆయన నన్ను మోకాళ్ల మీద బోర్లా పెట్టి, నాకన్నా పది కిలోలు తక్కువున్న పిల్లాణ్ణి వీపు మీద ఎక్కించారు. ఐదుసార్లు చేస్తే నాలుగుసార్లు గొంతు దొరికింది. ఐదోసారి గడ్డం నొక్కి, మణికట్టు పట్టుకుని ఆపాను, కానీ బయటికి రాలేకపోయాను. అక్కణ్ణుంచి ఎటు పోవాలి? ఎటు తిరగబోయినా ఇంకా బిగుస్తోంది.

సాయంత్రం తాలీంకి వెళ్లి ఉస్తాద్‌కి కూడా చూపించాను. ఆయనకి 67. జియు-జిట్సు పేరు వినలేదు. నా వీపు మీద ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టి పట్టు వేయమని, చుట్టూ తిరిగి చూశారు. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, “మట్టి మీద దీనికి విడుపు లేదు, వీళ్లేం చెప్తారో నేర్చుకుని వచ్చి నాకు చూపించు” అన్నారు.


ఊదా బెల్టు (ఇర్వింగ్, టెక్సస్)

మీ ఉస్తాద్‌కి నా నమస్కారం చెప్పు. 67 ఏళ్ల మనిషి చూపించమని అడిగారంటే నీ అదృష్టం.

విడుపు ఇది. వాడి రెండు చేతుల్లో ఒకటి నీ భుజం మీద నుంచి గొంతుకి వస్తుంది, ఇంకోటి చంక కింద నుంచి. భుజం మీద నుంచి వచ్చేదే చంపేది. ముందు దాని మణికట్టు నీ రెండు చేతులతో పట్టి ఛాతీ మీదికి దించు, గడ్డం ఎత్తకు. ఇంతవరకు నువ్వు చేశావు. ఇప్పుడు చంక కింద చెయ్యి ఉన్న పక్కకి ఒరుగు, రెండో పక్కకి కాదు. అటు ఒరిగితే పట్టు ఇంకా బిగుస్తుంది, నిన్న నీకు జరిగింది బహుశా అదే. ఒరిగాక నడుం కిందికి జార్చుతూ, నీ వీపు వాడి ఛాతీ మీద నుంచి తప్పించి మ్యాట్ మీదికి తీసుకురా. రెండు భుజాలూ మ్యాట్‌కి గట్టిగా ఆనించు. భుజాలు ఆనాక వాడికి నీ మెడ వెనక చోటు ఉండదు, చోక్ చచ్చిపోతుంది. అక్కణ్ణుంచి వాడి కాలు నీ మీద నుంచి దాటి మౌంట్‌కి, అంటే నీ పొట్ట మీద కూర్చునే చోటికి, రాకుండా మోకాలు చేత్తో ఆపి, వాడివైపు తిరుగు.

మొదట్లో భుజాలు ఆనించే దగ్గర నీ ఒళ్లు ఒప్పుకోదు, తెలియకుండానే బోర్లా తిరిగిపోతావు. నాకు తెలిసిన రెజ్లర్లందరికీ అదే జరిగింది. నెమ్మదిగా, ఎదుటివాడు బలం పెట్టకుండా, రోజుకి ఇరవైసార్లు చెయ్యి. ఉస్తాద్‌కి చూపించేటప్పుడు మాత్రం ముందే చెప్పి చూపించు, ఆయన తాలీంలో నువ్వు కావాలని వీపు ఆనించడం ఆయన చూడబోయేది మొదటిసారి.